ఆటోమేటిక్ బండి వణుకుతుంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం: మా తిరుపతి వైపు వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్తున్నా, నేను మెకానిక్‌ని కాదు. మాది ఏపీ 03 నంబర్ బండి, 2009 మోడల్, ఐదు గేర్ల ఆటోమేటిక్, లక్షా ముప్పై వేలు తిరిగింది. మూడు నెలలు వణుకుతో తిప్పి, అనవసరమైన వాటికి డబ్బులు తగలేసి, చివరికి ఇంటి ముందరే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చుకున్నా, వణుకు పోయింది. అప్పటినుంచి మా వీధిలో వాళ్లు, చిత్తూరులో ఉండే చుట్టాలు, వాళ్ల ఫ్రెండ్స్ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతా ఉంటారు, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

వణుకు అంటే ఎట్లా ఉంటాది? నా బండిలో వచ్చేది అదేనా?

స్పీడ్ బ్రేకర్ ముందర తెల్లగా మందంగా గీతలు వేసి ఉంటారు కదా, వాటి మీద పోతే బండి గరగరగర అంటాది చూడండి, అచ్చం అట్లనే ఉంటాది, కాకపోతే కింద రోడ్డు నున్నగా ఉంటాది. నాకు మొదట చంద్రగిరి దాటినాక తెలిసింది, అరవై అరవై ఐదులో యాక్సిలరేటర్ మీద కాలు ఊరికే ఆనించి పోతా ఉన్నా, కప్ హోల్డర్‌లో పెట్టిన బాటిల్లో నీళ్లు సన్నగా వణికినాయి, రెండు మూడు సెకన్లు, మళ్లీ ఏమీ లేదు. నేను రోడ్డే అనుకున్నా. తిరిగి వచ్చేటప్పుడు కూడా వచ్చింది. మామూలుగా 50 నుంచి 80 మధ్యలో, స్పీడ్ ఒకే రకంగా పెట్టుకుని పోతా ఉన్నప్పుడు, లేదంటే రోంత ఏటవాలుగా ఎక్కేటప్పుడు కాలు మెల్లగా నొక్కితే వస్తాది. గట్టిగా తొక్కేస్తే గేర్ తగ్గి వణుకు మాయమైపోతాది, అందుకే చాలామందికి మొదట్లో అర్థం కాదు.

అది గేర్‌బాక్సే అని ఎట్లా చెప్తారు? స్పార్క్ ప్లగ్గులు, టైర్లు కూడా కావచ్చు కదా?

కావచ్చు, అక్కడే నేను మోసపోయినా. ముందు వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు, చేయించినా. తర్వాత ప్లగ్గులు అన్నారు, నాలుగూ మార్పించినా. తర్వాత ఇంకో షెడ్డులో ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) పోయింది అని తేల్చినారు, అదీ అయింది. వణుకు మాత్రం అట్లనే ఉండాది.

తేడా పట్టుకోవడానికి నేను ఇప్పుడు అందరికీ చెప్పేది బ్రేక్ టెస్ట్. వెనక బండ్లు లేని చోట చూసుకుని, వణుకు వస్తా ఉన్నప్పుడే కుడికాలు యాక్సిలరేటర్ మీదనుంచి కదిలించకుండా, ఎడమకాలితో బ్రేక్ పెడల్‌ని ఊరికే తాకండి, బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రమే, బండి ఆగేంత వద్దు. బ్రేక్ స్విచ్ పడగానే గేర్‌బాక్స్ లోపల లాకప్ క్లచ్ (అదేందో కింద చెప్తా) విడిపోతాది. ఆ క్షణమే వణుకు ఆగిపోయి, ఆర్‌పీఎం ముల్లు రెండు మూడు వందలు పైకి లేచిందంటే మీ అనుమానం దాదాపు ఖాయమే.

బ్రేక్ తాకినా వణుకుతానే ఉంటే వేరే కథ. ఎనభై దాటినాక స్టీరింగ్ చేతిలో ఊగుతా ఉంటే, యాక్సిలరేటర్ వదిలేసినా ఊగుతా ఉంటే అది చక్రాల బ్యాలెన్సింగ్. ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కేకొద్దీ జాస్తి అవుతా, ఇంజిన్ లైట్ కూడా వెలిగితే ప్లగ్ లేదా కాయిల్. సిగ్నల్‌లో డి లో పెట్టి బ్రేక్ మీద నిలబడినప్పుడు సీటంతా అదురుతుంటే మౌంటింగులు చూపించుకోండి.

అసలు ఎందుకు వస్తాది?

మాన్యువల్ బండిలో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్యలో క్లచ్ ప్లేటు ఉంటాది, మన కాలితో ఆడిస్తాం. ఆటోమేటిక్‌లో దాని చోట టార్క్ కన్వర్టర్ ఉంటాది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంట్ ఇస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతాది కదా, ఇక్కడ గాలి బదులు ఆయిల్ అంతే. కానీ ఎంత చేసినా రెండో ఫ్యాన్ రోంత వెనకే తిరుగుతాది, ఆ తేడా అంతా వేడిగా పోతాది, పెట్రోల్ దండగ. అందుకని బండి ఒక స్పీడ్‌కి వచ్చి కుదురుకున్నాక లాకప్ క్లచ్ అనేది రెండింటినీ కలిపి పట్టేస్తాది.

ఈ పట్టుకోవడం ఒకేసారి దబ్‌మని జరిగితే మనకి తల ముందుకి పోతాది, కాబట్టి మెల్లగా జారుతా జారుతా పట్టుకోవాలి. అట్లా నున్నగా జారడానికి ఆయిల్లో కొన్ని కెమికల్స్ కలిపి ఉంటారు, ఫ్రిక్షన్ మాడిఫయర్లు అంటారు. ఏళ్ల తరబడి వేడికి అవి అరిగిపోతాయి. అప్పుడు క్లచ్ జారాల్సిన చోట పట్టుకుంటాది, వదుల్తాది, మళ్లీ పట్టుకుంటాది, సెకన్‌కి ఎన్నోసార్లు. స్కూల్లో అయ్యవారు చాక్‌పీస్ నిటారుగా పట్టి బోర్డు మీద తోస్తే గీత బదులు టకటకటక చుక్కలు పడేవి, గుర్తుందా, మీ బండి కింద జరిగేది అదే. నాకు ఇది అర్థమైనాక గేర్‌బాక్స్ విప్పాలి అని షెడ్డులో చెప్పే మాట మీద నమ్మకం పోయింది.

అయితే ఆయిల్ మారిస్తే గ్యారంటీగా పోతాదా?

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. వణుకు కొత్తగా మొదలైంది, గేర్లు మామూలుగానే పడతా ఉన్నాయి, ఆయిల్ మాడిన వాసన రావట్లేదు అంటే పోయే అవకాశం బాగా ఉండాది. ఏడాది పైగా అట్లనే తిప్పి ఉంటే క్లచ్ లైనింగే కాలిపోయి ఉండొచ్చు, అప్పుడు కొత్త ఆయిల్ ఏం చేస్తాది పాపం. గేర్ జారిపోవడం, ఇంజిన్ అరుస్తా బండి కదలకపోవడం, డి లోకి వేస్తే రెండు సెకన్లు ఆలోచించడం, ఇవి ఉంటే అది వణుకు దాటిపోయిన జబ్బు.

ఏదైనా సరే మొదట ఆయిల్‌తోనే మొదలుపెట్టమంటా. రీబిల్డ్‌కి, అంటే గేర్‌బాక్స్ మొత్తం విప్పి బాగుచేయడానికి, నాకు చెప్పిన రేటుకి మా బండి అమ్మినా సరిపోదు.

షోరూమ్‌లో ఇది లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు అన్నారే?

ఎవరి లైఫ్‌టైమ్ అని అడగాల్సింది. మాన్యువల్ పుస్తకంలో కష్టమైన వాడకం అని వేరే భాగం ఉంటాది చూడండి, ఎండ ఎక్కువ ఉండే చోట, కొండ రోడ్లలో, ఆగి ఆగి పోయే ట్రాఫిక్‌లో తిప్పితే తొందరగా మార్చాలి అని. నలభై డిగ్రీల ఎండ, లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్, పైన తిరుమల కొండ. వాళ్లు రాసిన మూడూ మన ఊర్లోనే ఉండాయి కదా సామీ. టార్క్ కన్వర్టర్ బండికి నలభై నుంచి అరవై వేల కిలోమీటర్ల మధ్యలో ఒకసారి మార్చుకుంటే మంచిది అనేది నా లెక్క.

పాత బండికి కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్స్ పోతాదంట, నిజమా?

ఈ మాట అందరూ చెప్తారు, సగం నిజం. క్లచ్‌లు బాగా అరిగిన బండిలో ఆ అరిగిన పొడి ఆయిల్లోనే తేలుతా కొంచెం పట్టు ఇస్తా ఉంటాది, దాన్ని ఒకేసారి మొత్తం తీసేస్తే జారడం మొదలవొచ్చు. కానీ అట్లాంటి బండి ఆయిల్ మార్చకపోయినా ఇంకో ఆరు నెలలకి నిలబడిపోయేదే, పాపం మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. భయం ఉంటే మిషన్ పెట్టి మొత్తం ఒకేసారి మార్చకుండా, దఫదఫాలుగా దించి పోసుకోండి.

ఏ ఆయిల్ పోయాలి? ఎర్రగా ఉంటే ఏదైనా ఒకటేనా?

ఒకటి కాదు! ఇక్కడ మాత్రం అస్సలు సర్దుకోవద్దు. మీ బండి పుస్తకంలో, లేదంటే డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) పిడి మీద ఏం రాసి ఉందో అదే. హ్యుందాయ్ పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్స్‌కి ఎస్‌పీ-3, ఆరు గేర్ల వాటికి ఎస్‌పీ-4. హోండాకి ఒకప్పుడు జెడ్-1 ఉండేది, ఇప్పుడు దాని బదులు డీడబ్ల్యూ-1 వాడాలి. టొయోటాలో పాత వాటికి టీ-4, తర్వాత వచ్చిన వాటికి డబ్ల్యూఎస్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే గేర్లు పడతాయి, బండి పోతాది, కానీ ఆ జారుడు గుణం వేరే కాబట్టి వణుకు తగ్గకపోగా ఇంకా జాస్తి కావొచ్చు.

మా తెలిసినాయనకి ఒక షెడ్డులో (పేరు ఎందుకులే) ఇంజిన్ ఆయిల్ మారుస్తామని చెప్పి కుర్రోడు గేర్‌బాక్స్ కింద ఆయిల్ దించే ప్లగ్గు విప్పేసినాడు, రెండున్నర లీటర్లు ఎర్రది కింద పోయింది, వాడు ఇదేందో ఆయిల్ ఎర్రగా ఉండాదే అనుకుని మూసేసి, ఇంజిన్లో ఉన్న పాతదాని మీద ఇంకో మూడున్నర లీటర్లు పోసినాడు. బండి రోడ్డెక్కినాక పది నిమిషాలకి కదల్లేదు. అందుకే పక్కన నిలబడి ఏ ప్లగ్గు విప్పుతున్నాడో చూడండి.

తిరుపతిలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో, లేదంటే చెన్నై పోయేవాళ్లు ఎవరైనా ఉంటే జీపీ రోడ్డులో తెప్పించుకోండి, అదైనా కంపెనీ సీలు చూసుకుని, బిల్లు తీసుకుని.

ఎన్ని లీటర్లు కావాలి? ఒకసారి మారిస్తే చాలదా?

గేర్‌బాక్స్ లోపల మా దానికి మొత్తం ఆరు లీటర్ల దగ్గర పడుతుంది, కానీ ప్లగ్గు విప్పితే వచ్చేది రెండున్నరే, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతాది. అంటే మొదటిసారి మార్చినాక కూడా లోపల 58 శాతం పాతదే. రెండోసారికి 34కి దిగుతాది, మూడోసారికి 20. ఏడున్నర లీటర్లు కొంటే 80 శాతం కొత్తది అయినట్టు. ఒకసారి దించి పోసి, వణుకు పోలేదు, ఆయిల్ దండగ అయింది అని తిట్టుకునే వాళ్లంతా మొదటి మెట్టు మీదనే ఆగిపోయినవాళ్లే.

మధ్యలో బండిని వంద, నూటయాభై కిలోమీటర్లు తిప్పాలి, పాతదీ కొత్తదీ బాగా కలవాలి. నేను మొదటిసారి పోసినాక కాణిపాకం పోయి వచ్చినా, పోనూరానూ దాదాపు నూటనలభై, దేవుడి దర్శనమూ అయింది.

ఇంటి దగ్గరే చేసుకోవచ్చా? మీరు ఎట్లా చేసినారు?

చేసుకోవచ్చు, బండి కింద దూరే అలవాటు ఉంటే. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి పోవద్దు, స్టాండ్లు లేకపోతే ఈ పని షెడ్డు వాళ్లకే ఇచ్చేయండి, పక్కన నిలబడండి, అంతే.

నేను ఆదివారం పొద్దున్నే ఎండ రాకముందు మొదలుపెట్టినా. పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఆయిల్ రోంత వేడిగా ఉన్నప్పుడు (మరీ కాలేంత వద్దు, చెయ్యి ఊడిపోతాది) నాలుగు చక్రాలూ సమంగా వచ్చేటట్టు లేపి పెట్టినా. వాకిట్లో పాత ఫ్లెక్సీ పరిచినా, అయినా మా అమ్మ వచ్చి నేను ముగ్గు వేసే చోటే దొరికిందా నీకు అని ఒక రౌండ్ వేసుకుంది.

అన్నిటికంటే ముందు ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. కింద ప్లగ్గు విప్పి అంతా కారిపోయినాక పైన బిగుసుకుపోయి రాకపోతే బండి కదల్దు, మీరూ కదల్లేరు. అది సరే అనుకున్నాక కింద ప్లగ్గు. కొన్నిటికి స్పానర్ పట్టదు, నలుచదరం గుంట ఉంటాది, రాచెట్ మొననే నేరుగా అందులో దూర్చి తిప్పాలి. మొదట్లో సన్నగా, తర్వాత ధారగా వచ్చింది, కొత్త ఆయిల్ దిష్టి తీసే ఎర్రనీళ్ల మాదిరి ఉండాలి, నాది చిక్కటి డికాషన్ మాదిరి వచ్చింది. ఇరవై నిమిషాలు వదిలేసినా, చుక్కచుక్క పడేదాకా.

వచ్చిన ఆయిల్‌ని లీటర్ వాటర్ బాటిళ్లలోకి పోసి కొలవండి, ఇది మర్చిపోవద్దు. రెండు బాటిళ్లూ నిండి మూడోది సగం అయింది, కాబట్టి కొత్తది కూడా అంతే, రెండున్నర. ప్లగ్గుకి కొత్త వాషర్ వేసి బిగించినా, పాత వాషర్ అయితే కారతాది, ముప్పై నలభై రూపాయల దగ్గర పిసినారితనం ఎందుకు. పోయడానికి గరాటాకి మీటరు పొడవు సన్న పైపు తగిలించి డిప్‌స్టిక్ దారిలోనే పోసినా, పావుగంట పైనే పట్టింది, తొందరపడితే పొంగి ఇంజిన్ మీద పడుతుంది.

లెవల్ ఎట్లా చూడాలి?

ఇక్కడ ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. చాలా బండ్లలో ఇంజిన్ నడుస్తా ఉండగా, బాగా వేడెక్కినాక, బ్రేక్ తొక్కి పట్టుకుని గేర్ లివర్‌ని అన్ని స్థానాల్లోకీ ఒక్కొక్క రెండు సెకన్లు తిప్పి, తర్వాత చూడాలి. హోండా పాత ఆటోమేటిక్స్‌లో మాత్రం వేడెక్కినాక ఇంజిన్ ఆపేసి, ఒకటిన్నర నిమిషం లోపలే చూడాలి. డిప్‌స్టిక్కే లేని బండ్లు ఉంటాయి, వాటికి ఆయిల్ ఇన్ని డిగ్రీలు ఉన్నప్పుడు పక్క ప్లగ్గు విప్పితే సన్నగా కారాలి అని లెక్క, స్కానర్ కావాలి, అది షెడ్డు పనే.

ఎక్కువ పోస్తే కూడా తప్పే, తిరిగే భాగాలు చిలికి నురగ తెస్తాయి, నురగకి ప్రెషర్ నిలవదు.

ప్లగ్గుకి బూడిద రంగు బురద అంటుకుని ఉండాది, భయపడాలా?

ఆ ప్లగ్గులో అయస్కాంతం ఉంటాది. మెత్తగా, కాటుక మాదిరి వేళ్లకి అంటుకునేది అయితే మామూలు అరుగుదలే, తుడిచి పెట్టేయండి. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా, సూది మొనల మాదిరి ఇనప ముక్కలు తగిలితే లోపల ఏదో విరిగింది. ఆయిల్ కనుక రోజ్ మిల్క్ రంగులో వస్తే రేడియేటర్ లోపల కూలర్ పగిలి కూలెంట్ కలిసిందని అర్థం, అది చూసినాక బండి స్టార్ట్ కూడా చేయొద్దు, టోయింగ్ పిలవండి.

మిషన్ పెట్టి ఫ్లష్ చేస్తామంటున్నారు?

కూలర్ పైపు దగ్గర కలిపి బండి సొంత పంపుతోనే పాతది బయటికి, కొత్తది లోపలికి మార్చే మిషన్ అయితే పరవాలేదు, మీ ఆయిల్ మీరే తెచ్చిస్తే ఇంకా మంచిది. ప్రెషర్‌తో వెనక్కి తోసేది, మధ్యలో క్లీనర్ కెమికల్ పోసేది అంటే లక్ష దాటిన బండికి నేను ఒప్పుకోను.

ఫిల్టర్?

గేర్‌బాక్స్ కింద పాన్ (ఆయిల్ నిలిచే తొట్టి) విప్పితే ఫిల్టర్ దొరికే బండ్లలో పాన్ గ్యాస్కెట్‌తో సహా మార్చండి. కొన్నిటిలో గేర్‌బాక్స్ మొత్తం విప్పితే తప్ప అందదు, వాటి జోలికి పోవద్దు.

కొండకి పోయి వస్తే గేర్‌బాక్స్ పాడవుతాదా?

కొండకి పోకుండా తిరుపతిలో ఎట్లా ఉంటాం. ఎక్కేటప్పుడు స్పీడ్ తక్కువ, లోడ్ ఎక్కువ, లాకప్ పట్టదు, కన్వర్టర్ జారుతా ఆయిల్‌ని బాగా వేడి చేస్తాది. ఏడుగురిని ఎక్కించుకుని, ఏసీ ఫుల్‌గా పెట్టి, మిట్టమధ్యాహ్నం రెండో ఘాట్ ఎక్కడం మానుకోండి చాలు, పొద్దున్నే పోండి. గేర్ ఊరికే పైకీ కిందకీ మారుతా ఉంటే 2 లో పెట్టి ఒకే గేర్‌లో ఎక్కించండి. దిగేటప్పుడు కూడా 2 లేదా ఎల్ లో దించండి, ఇంజిన్ పట్టి ఉంచుతాది, బ్రేకులు కాలవు. కొందరు పెట్రోల్ మిగుల్తాదని న్యూట్రల్‌లో వదిలేస్తారు, మొదటి ఘాట్ మలుపుల్లో అది ప్రాణాలతో ఆట. వణుకు మాత్రం కొండ మీద మీకు పెద్దగా తెలియదు, మొగిలి ఘాట్ దిగినాక చదును రోడ్డులోనే, పుత్తూరు వైపు హైవేలోనే బయటపడతాది.

మాది ఏఎంటీ. మాది సీవీటీ. మాది రెండు క్లచ్‌ల బండి.

ఏఎంటీలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ ప్లేటు ఉంటాది, అది వణికితే క్లచ్ చూపించండి, ఇక్కడ రాసింది మీకు పనికిరాదు. సీవీటీలో గేర్ల బదులు బెల్టు ఉంటాది, దానికి సీవీటీ ఆయిలే, దాంట్లో ఏటీఎఫ్ (మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి మొత్తం పోతాది. రెండు డ్రై క్లచ్‌ల బండి ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు వణికితే అదీ క్లచ్ సంగతే.

సీసాలో అడిటివ్ అమ్ముతారు కదా, అది పోస్తే?

పనిచేసేవి ఉన్నాయి, ఫ్రిక్షన్ మాడిఫయరే సీసాలో పోసి ఇస్తారు. కానీ డికాషన్ అయిపోయిన ఆయిల్లో అది పోయడం పాచిపోయిన సాంబార్‌లో కొత్తిమీర వేసినట్టు. మూడుసార్లు ఆయిల్ మార్చినాక కూడా కొంచెం మిగిలి ఉంటే అప్పుడు ఆలోచించండి.

మార్చినాక ఎన్ని రోజులకి తగ్గుతాది? తగ్గకపోతే?

నాకు మొదటి మార్పు తర్వాత వణుకు సగం అయింది. రెండోదాని తర్వాత ఏసీ వేసుకుని భాకరాపేట ఘాట్ దాటినాక పీలేరు వైపు మెల్లగా ఎక్కేటప్పుడు మాత్రం ఒకటీ అరా వచ్చేది. మూడోది అయి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగినాక పూర్తిగా పోయింది, బాటిల్లో నీళ్లు కదల్లేదు. ఆ క్లచ్ ముఖం మీద పేరుకున్నది పోవడానికి, కంప్యూటర్ కొత్త పట్టుకి అలవాటు పడటానికి టైం పడుతుంది, మొదటి రోజే తీర్పు చెప్పొద్దు.

మూడుసార్లు అయి, వెయ్యి కిలోమీటర్లు తిరిగినా అట్లనే ఉంటే అనుమానించాల్సింది లాకప్ సొలినాయిడ్ (లాకప్ క్లచ్‌ని ఆడించే కరెంటు వాల్వు), ఆ తర్వాత టార్క్ కన్వర్టర్. అక్కడినుంచి ఆటోమేటిక్ గేర్‌బాక్సులే రోజూ విప్పే చోటుకి పోవాలి, చెన్నైకో బెంగళూరుకో, అన్ని బండ్లూ చూసే షెడ్డులో మాత్రం విప్పించొద్దు.

పాత ఆయిల్ ఏం చేసినారు?

కాలవలో పోయొద్దు, చెట్టు మొదట్లోనూ వద్దు. ఆ ఏడు బాటిళ్లు గట్టిగా మూత పెట్టి, తెలిసిన షెడ్డులో పాత ఇంజిన్ ఆయిల్ పోసే డ్రమ్ములో పోసి వచ్చినా, వాళ్ల దగ్గరికి కొనేవాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఒక అర లీటరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, మా గేటు బందులకి వేస్తా ఉన్నా, ఇప్పుడు అది కీచుమనడం లేదు, అమ్మ ముగ్గు సంగతి కూడా మర్చిపోయింది.